ఎర్రనివన్నీ ఒకటే ఆయిల్ కాదు: పాత ఆటోమేటిక్ కారుకు ఏది పోయాలి

"అన్నా, క్యామ్రీ కొన్నా. గేర్‌బాక్సు ఆయిల్ మార్చాలంటున్నారు, ఏది పోయాలి?" అని నెలకొకరైనా నన్ను అడుగుతారు. ఎక్కువగా ఇక్కడ టెక్సస్‌లో, ఫ్రిస్కో హనుమాన్ గుడి పార్కింగ్‌లో, చేతిలో పులిహోర ప్లేటుతో. నేను ఎదురు ప్రశ్న వేస్తాను. క్యామ్రీ సరే, ఏ సంవత్సరం బండి?

ఎందుకంటే నాలుగు సిలిండర్ల క్యామ్రీయే తీసుకోండి. 2001 మోడల్ అయితే డెక్స్‌రాన్ త్రీ పోయాలి. 2004 అయితే టొయోటా టైప్ టీ-ఫోర్. 2007 అయితే టొయోటా డబ్ల్యూఎస్. బండి పేరు మారలేదు, కంపెనీ మారలేదు, ఆరేళ్లలో ఆయిల్ మాత్రం మూడు రకాలైంది. పైగా మూడూ ఎర్రగానే ఉంటాయి. ఆ ఎరుపు కేవలం రంగు. కారు కింద చుక్క పడితే ఇంజన్ ఆయిల్ కాదు, గేర్‌బాక్సుదే అని తెలియడానికి కలుపుతారు. తెల్లనివన్నీ పాలనుకుంటే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది, కాకపోతే బిల్లు డాలర్లలో వస్తుంది.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీల గేర్‌బాక్సులు విప్పి బిగించాడు. ఆయన లెక్కలో గేర్‌బాక్సు ఆయిల్ అంటే తొంభై ఆయిల్. పాకంలా చిక్కగా ఉండి, గంధకం వాసన కొడుతుంది. చేతికంటితే రెండు సబ్బులు అరిగినా పోదు. నేను ఇక్కడ మొదటిసారి నా కారు కింద పడుకుని ఆయిల్ దించుతూ ఆయనకు వీడియో కాల్ చేశాను. పళ్లెంలోకి పల్చగా కారుతున్న ఎర్ర ఆయిల్‌ను చూసి, "ఒరేయ్, అది స్టీరింగ్ ఆయిల్ కదరా! గేర్‌బాక్సులో స్టీరింగ్ ఆయిల్ పోస్తారా మీ ఊళ్లో?" అన్నాడు.

ఆయన అన్నది మరీ తప్పేం కాదు. లారీల్లో, కార్లలో చాలా పవర్ స్టీరింగులకు ఏళ్ల తరబడి డెక్స్‌రాన్ రకం ఏటీఎఫ్‌నే పోశారు. ఏటీఎఫ్ అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిలే. అన్నిచోట్లా అదే కనిపించేసరికి, ఎర్ర ఆయిల్ అంటే ఒక్కటే అన్న నమ్మకం మెకానిక్కుల్లోనూ నాటుకుపోయింది.

నాన్నకు చెప్పినట్టే మీకూ చెబుతాను. మాన్యువల్ గేర్‌బాక్సులో ఆయిల్‌కు ఉండే పెద్ద పని పళ్లు అరగకుండా కాపాడటం. ఆటోమేటిక్‌లో అది కూలీ, మేస్త్రీ రెండూ. టార్క్ కన్వర్టర్‌లో ఇంజన్ బలాన్ని గేర్‌బాక్సుకు అందించేది ఆయిలే. గేరు మారేటప్పుడు క్లచ్ ప్లేట్లను నొక్కే ఒత్తిడి కూడా దానిదే. వేడిని మోసుకెళ్లి రేడియేటర్ దగ్గర వదిలేది కూడా అదే. అసలు సంగతి ఇంకొకటి ఉంది. ఆ క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లో మునిగే పనిచేస్తాయి. కాబట్టి అవి ఎంత జారి, ఎంత మెల్లగా పట్టుకోవాలన్నది ఆయిల్‌లో కలిపిన మందుల మీద ఆధారపడి ఉంటుంది. వీటిని ఫ్రిక్షన్ మాడిఫయర్లు అంటారు. గేర్‌బాక్సు తయారుచేసినవాళ్లు తమ ప్లేట్లకు, తమ కంప్యూటర్ లెక్కకు సరిపడే మందునే ఎంచుకుంటారు.

ఈ తేడా కొత్తదేం కాదు. 1960, 70ల ఫోర్డ్ బండ్లకు టైప్ ఎఫ్ అని ఒక ఆయిల్ ఉండేది. అందులో ఫ్రిక్షన్ మాడిఫయర్ ఉండదు, క్లచ్ టక్కున పట్టేస్తుంది. జనరల్ మోటార్స్ వాళ్ల డెక్స్‌రాన్ మెత్తగా పట్టిస్తుంది. ఒకదాని చోట ఇంకొకటి పోస్తే ఆ రోజుల్లోనే తేడా తెలిసిపోయేది. ఇంకో విచిత్రం చెప్పనా? తొలి డెక్స్‌రాన్‌లో ఆ మెత్తదనం కోసం వాడింది స్పెర్మ్ తిమింగలం నూనె. 1970ల మొదట్లో అమెరికాలో ఆ నూనెకు తలుపులు మూసుకున్నాక వేరే మందులు వెతుక్కుని డెక్స్‌రాన్ టూ తెచ్చారు.

ఇక నా తలనొప్పి సంగతి. ఆర్లింగ్టన్‌లో ఎంఎస్ అయ్యాక 2014లో ఒక 2004 క్యామ్రీ కొన్నాను. అప్పటికే లక్షా ముప్పై ఒక్క వేల మైళ్లు తిరిగింది. కొన్న నెలలోపే కూపర్ స్ట్రీట్ మీద వెళ్తుంటే వణుకు మొదలైంది. సరిగ్గా 42, 45 మైళ్ల వేగంలో, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి ఉన్నప్పుడు, ఒక సెకను పాటు బండి మొత్తం గరగరమనేది. హైవే అంచున నిద్రమత్తు వదిలించడానికి గీతలు చెక్కుతారే, వాటి మీద టైరు ఎక్కినట్టు. కాలు గట్టిగా నొక్కితే పోయేది, తీసేసినా పోయేది. నేను టైర్లనుకున్నాను. బ్యాలెన్సింగ్ చేయించాను. తర్వాత ఇంజన్ మౌంట్లనుకున్నాను. అవీ మార్పించాను. వణుకు అలాగే ఉంది, పర్సు మాత్రం తేలికైంది.

ఒక ఆదివారం ఏమీ తోచక పాత ఓనరు ఇచ్చిన రసీదుల కవరు తెరిచాను. అమ్మడానికి నాలుగు నెలల ముందు, పావుగంటలో ఆయిల్ మార్చి పంపే ఒక షాపులో గేర్‌బాక్సు సర్వీసు చేయించాడు. రసీదు మీద ఆయిల్ పేరు చోట ఉన్నది "యూనివర్సల్ ఏటీఎఫ్". అంతే. టీ-ఫోర్ ఊసే లేదు.

ఆ వేగంలోనే వణకడానికి కారణం ఉంది. టార్క్ కన్వర్టర్ లోపల లాకప్ క్లచ్ అని ఒకటి ఉంటుంది. బండి నిలకడగా పోతున్నప్పుడు పెట్రోలు కలిసిరావాలని అది ఇంజన్‌నూ గేర్‌బాక్సునూ గట్టిగా జత కలుపుతుంది. ఆ కలిసే క్షణంలో ప్లేటు మెత్తగా జారుతూ పట్టుకోవాలి. ఆయిల్‌లో సరైన మందు లేకపోయినా, ఉన్నది పాతబడి చచ్చిపోయినా పట్టి వదిలి, పట్టి వదిలి గరగరమంటుంది. మూడు విడతలుగా టీ-ఫోర్ పోసి మార్చాక ఆ వణుకు తొంభై పాళ్లు పోయింది. చలికాలం పొద్దున్నే ఒక్కోసారి పలకరిస్తుంది ఇప్పటికీ. అప్పటికే ప్లేటు కొంత అరిగి ఉంటుందని నా అనుమానం.

మీరు ఈ తిప్పలు పడకుండా ముందు ఆయిల్ పేరు తెలుసుకోండి. బానెట్ ఎత్తి గేర్‌బాక్సు డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే రేకు, బయటికి తీయండి. చాలా టొయోటాల్లో ఆ రేకు మీదే ఆయిల్ రకం చెక్కి ఉంటుంది. మసి పట్టి ఉంటే తుడిచి, ఫోన్ లైటు వాలుగా వేసి చూడండి. లేకపోతే ఓనర్స్ మాన్యువల్ చివర్లో కొలతల పట్టిక ఉంటుంది. పుస్తకం పోయినా బెంగ లేదు, పాత మోడళ్ల మాన్యువళ్లను టొయోటా తన సైట్లో ఉచితంగానే పెట్టింది. రెండు చోట్లా ఒకే పేరు కనిపిస్తే నిశ్చింత. తేడా వస్తే డ్రైవర్ తలుపు తీసి పక్కనున్న స్టిక్కర్ చూడండి. బండి తయారైన నెల, సంవత్సరం, టొయోటాల్లో అయితే గేర్‌బాక్సు కోడ్ కూడా దాని మీద ఉంటాయి. మోడల్ సంవత్సరం, తయారైన సంవత్సరం ఒకటి కాకపోవచ్చు. 2004 మోడల్ బండి 2003 చివర్లోనే ఫ్యాక్టరీ దాటి ఉండొచ్చు. అప్పటికీ తేలకపోతే ఆ ఫొటో తీసుకుని డీలర్ దగ్గర పార్ట్స్ కౌంటర్‌కు వెళ్లి, విన్ నంబర్ (బండి గుర్తింపు నంబరు) చెప్పి అడగండి. కొనకపోయినా చెబుతారు.

పార్ట్స్ షాపు కౌంటర్ కుర్రాడి కంప్యూటర్ చెప్పిందే వేదమనుకోవద్దు. అందులో చాలాసార్లు "ఈ బండికి పనికొస్తుంది" అన్న జాబితా వస్తుంది. ఈ బండికి కంపెనీ చెప్పిన ఆయిల్ ఏదన్నది మీరు ముందే తెలుసుకుని వెళ్తే, ఆ జాబితాలో ఏది నిజంగా పనికొస్తుందో మీరే తేల్చుకోవచ్చు.

పాత పేరు దొరక్కపోతే కొత్తది పోయొచ్చా? అందరూ బోల్తా పడేది ఇక్కడే. దీనికి అన్ని కంపెనీలకూ ఒకే జవాబు లేదు.

ఖమ్మం నుంచి వచ్చిన మా రూమ్మేటుకు 2003 హోండా అకార్డ్ ఉండేది. దానికి హోండా చెప్పిన ఆయిల్ జెడ్-వన్. అది మార్కెట్లో లేకుండా పోయి డీడబ్ల్యూ-వన్ వచ్చింది. "మామా, పేరు మారిపోయింది, గేర్‌బాక్సు పోతుందేమో" అని వాడికి ఒకటే టెన్షన్. అక్కడ భయపడాల్సింది లేదు. జెడ్-వన్ పోసే పాత ఆటోమేటిక్ బండ్లన్నిటికీ డీడబ్ల్యూ-వన్ వాడమని హోండాయే చెప్పింది. అదే ధీమాతో టొయోటా దగ్గర కొత్తది కదా అని టీ-ఫోర్ బండిలో డబ్ల్యూఎస్ పోస్తే తప్పు. ఒకదాని బదులు ఇంకొకటి వాడొద్దని, కలపొద్దని టొయోటా మాట. డబ్ల్యూఎస్ బాగా పల్చన. వంద డిగ్రీల వేడి దగ్గర టీ-ఫోర్ చిక్కదనం సుమారు 7 సెంటీస్టోకులు, డబ్ల్యూఎస్‌ది అయిదున్నర అటూ ఇటూ. పల్చటి ఆయిల్‌కు తగ్గట్టు రూపొందించిన గేర్‌బాక్సు వేరు, ఇరవై ఏళ్లు తిరిగి సీళ్లు వదులైన గేర్‌బాక్సు వేరు.

జనరల్ మోటార్స్ బండ్లకు డెక్స్‌రాన్ సిక్స్ 2005లో వచ్చింది. తమ పాత బండ్లలో డెక్స్‌రాన్ త్రీ బదులు దీన్నే వాడమన్నారు. త్రీకి ఇచ్చే లైసెన్సులు 2006 చివరితో ఆపేశారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ రోజు అలమరలో ఏ సీసా మీదైనా డెక్స్‌రాన్ త్రీ అని, లేదా అలా ధ్వనించే పేరు ఉంటే, దాని వెనుక జనరల్ మోటార్స్ పరీక్ష ఏదీ లేదు. ఆ సీసా తయారుచేసినవాళ్ల మాటే మీకు హామీ. పేరున్న కంపెనీదైతే నేను వాడతాను, రేటు చూసి మురిసిపోయే రకమైతే ముట్టను. మరి 2001 క్యామ్రీకి? అది డెక్స్‌రాన్ అడిగినా జనరల్ మోటార్స్ గేర్‌బాక్సు కాదు కదా. నేనైతే త్రీ చిక్కదనంతో మంచి కంపెనీ చేసిన ఏటీఎఫ్ పోస్తాను, సిక్స్ పోయను. ఇంకో సంగతి, ఆ మోడల్‌లో డిఫరెన్షియల్‌కు, అంటే రెండు చక్రాలకూ బలం పంచే గేర్లకు, విడిగా చిన్న అర ఉంటుంది. దాని ఆయిల్ విడిగా దించి విడిగా నింపాలి, చాలామంది ఇది మర్చిపోతారు.

ఫోర్డ్‌లో మెర్కాన్ పోయి మెర్కాన్ ఫైవ్ వచ్చింది. క్రైస్లర్, డాడ్జ్ వ్యాన్‌లకు ఏటీఎఫ్ ప్లస్ ఫోర్ తప్ప ఇంకోటి పోయకండి. వాటిలో డెక్స్‌రాన్ పోసి వణుకు తెచ్చుకున్నవాళ్ల కథలు నాకంటే ముందు నుంచీ ఉన్నాయి. జర్మన్ బండ్లలో "లైఫ్‌టైమ్ ఆయిల్, మార్చక్కర్లేదు" అన్న మాట వింటారు. ఎవరి లైఫ్ అన్నది అడగాలి. చాలా జర్మన్ బండ్లకు గేర్‌బాక్సులు చేసిచ్చే జెడ్‌ఎఫ్ కంపెనీయే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది.

సీవీటీ సంగతి పూర్తిగా వేరు. 2007 తర్వాతి నిస్సాన్ ఆల్టిమాల్లో సీవీటీ వచ్చింది. అందులో గేర్ల బదులు ఉక్కు బెల్టు రెండు కప్పీల మధ్య తిరుగుతుంది. ఆ బెల్టు జారకుండా పట్టి ఉంచడానికే దాని ఆయిల్ ఉంది. మామూలు ఏటీఎఫ్ పోశారా, గేర్‌బాక్సు మీద ఆశ వదులుకోవాల్సిందే. నిస్సాన్ తన సీవీటీకి చెప్పిన ఆయిల్ ఎన్ఎస్-టూ అంటే ఎన్ఎస్-టూ, ఎన్ఎస్-త్రీ అంటే ఎన్ఎస్-త్రీ. ప్రియస్‌ను కూడా సీవీటీ అంటారు కానీ అందులో ఆ బెల్టు లేదు, 2004 నుంచి వచ్చిన మోడల్‌కు డబ్ల్యూఎస్సే పోయాలి.

మన దగ్గర ఇంకో తికమక ఉంది. బెజవాడలో మా బావ దగ్గర పాత ఐ10 ఆటోమేటిక్ ఉంది. అది అసలైన టార్క్ కన్వర్టర్ బండి, హ్యుందాయ్ ఎస్పీ-త్రీ అడుగుతుంది. వాళ్ల పక్కింటాయనది సెలెరియో. అదీ ఆటోమేటికే అంటారు కానీ 2014లో వచ్చిన ఆ ఏఎంటీ లోపల ఉన్నది మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని మర చేస్తుంది, అంతే. దానికి పోయాల్సింది మాన్యువల్ గేర్ ఆయిల్. ఇద్దరూ ఒకే డబ్బా కొని చెరిసగం పంచుకుందామనుకున్నారు. నాన్న ఆపాడు.

ఇప్పుడు సీసా దగ్గరికి రండి. ముందువైపు బొమ్మలు చూడకండి, వెనక్కి తిప్పండి. "లైసెన్స్‌డ్", "అప్రూవ్డ్" అని ఉంటే బండి కంపెనీ ఆ ఆయిల్‌ను పరీక్షించి సరేనంది. "రికమెండెడ్ ఫర్", "సూటబుల్ ఫర్" అని నలభై పేర్లు చిన్న అక్షరాల్లో ఉంటే అది అమ్మేవాళ్ల సిఫారసు. ఒకే ఆయిల్ టీ-ఫోర్‌కూ, డబ్ల్యూఎస్‌కూ, ఏటీఎఫ్ ప్లస్ ఫోర్‌కూ సరిపోతుందంటే మీరే ఆలోచించండి. అన్నీ చెత్తవని అనను, వాటితో లక్ష మైళ్లు నడిపినవాళ్లు నాకు తెలుసు. నా బండి మాత్రం ఇంకోసారి వణకాలని నాకు లేదు.

అలాగని డీలర్ సీసాయే కొనాలని లేదు. టీ-ఫోర్ వెనుక ఉన్న అసలు స్పెసిఫికేషన్ పేరు జేడబ్ల్యూఎస్ 3309. టొయోటాలకు గేర్‌బాక్సులు చేసే ఐసిన్ సంస్థది అది. వోల్వోల్లో కూడా ఐసిన్ గేర్‌బాక్సులు ఉన్నాయి కాబట్టి అక్కడా ఇదే అడుగుతారు. మొబిల్ వాళ్లు ఏకంగా ఏటీఎఫ్ 3309 అనే పేరుతోనే అమ్ముతారు. సీసా మీద ఆ నాలుగంకెలు వెతకండి. ఇంకో మాట, టీ-ఫోర్‌లో నాలుగును రోమన్ అంకెల్లో ముద్రిస్తారు. ఐ, వీ అని వేరే అక్షరాలనుకుని అలమర ముందు అరగంట నిలబడ్డవాణ్ని నేను.

కొనే ముందు పాత ఆయిల్‌ను ఒకసారి చూడండి. డిప్‌స్టిక్ కొసను తెల్ల పేపర్ టవల్ మీద అద్ది ఆ మరక చూడండి. దానిమ్మ గింజ రంగుంటే కొంప మునిగిందేం లేదు. టీ డికాషన్ రంగుంటే మార్చే సమయం వచ్చింది. నల్లగా ఉండి మాడిన వాసన కొడుతూ, బండి కూడా గేరులో జారుతుంటే, ఏ ఆయిల్ పోసినా లాభం లేదు, క్లచ్ ప్లేట్లు కాలిపోయాయి. "కొత్త ఆయిల్ పోయగానే గేర్‌బాక్సు పోయింది" అనేవాళ్లలో ఎక్కువమందిది ఈ స్థితే. రోజ్‌మిల్క్ రంగులో చిక్కగా కనిపిస్తే బండి స్టార్ట్ కూడా చేయొద్దు. ఏటీఎఫ్ చల్లబడే గొట్టం రేడియేటర్ లోపల ఉంటుంది. అది చిల్లుపడి కూలెంట్ వచ్చి కలిసిందని అర్థం.

మార్చే పద్ధతి విషయంలో నాది ఒకటే మాట. చరిత్ర తెలియని పాత బండికి యంత్రం పెట్టి ఒత్తిడితో కడిగించొద్దు. కింద బోల్టు విప్పి కారినంత కారనిచ్చి, అంతే కొలత పైనుంచి పోయండి. నా క్యామ్రీలో ఒక్కసారికి మూడున్నర లీటర్ల దాకా దిగుతుంది, అంటే నాలుగు క్వార్టు సీసాలు (క్వార్టు అంటే లీటరుకు కాస్త తక్కువ) దగ్గర పెట్టుకోవాలి. మొత్తంలో అది 40 శాతమే, మిగతాది చాలావరకు టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. అందుకని వెయ్యి మైళ్ల తేడాతో మూడుసార్లు చేస్తే పాతది ఇరవై శాతం చిల్లర మిగులుతుంది. తప్పు ఆయిల్ పోసి ఉన్న బండికైతే ఈ మూడుసార్లూ తప్పవు. నాన్నకు ఈ లెక్క నచ్చలేదు. "అన్నం కుండలో మజ్జిగ కలిపినట్టు ఇదేం పద్ధతిరా" అన్నాడు. విప్పి కడిగే లారీ గేర్‌బాక్సు కాదు నాన్నా ఇది అన్నాను.

బోల్టు ఆరు పలకల గుంట ఉన్న రకం, 10 ఎంఎం అలెన్ కీ పడుతుంది. పక్కనే ఇంజన్ ఆయిల్ బోల్టు ఉంటుంది, అది విప్పేసి గేర్‌బాక్సులో రెండింతలు పోసినవాళ్లున్నారు, జాగ్రత్త. డిప్‌స్టిక్ మీద చూసిన రంగే కారితేనే మీరు సరైన చోట ఉన్నట్టు. దిగిన ఆయిల్‌ను గీతలున్న పాత పాల క్యాన్‌లోకి ఒంపి ఎంత దిగిందో కొలవండి. కొత్త వాషర్ వేసి బోల్టు బిగించి, పొడుగు మెడ గరాటుతో డిప్‌స్టిక్ గొట్టంలోంచే నింపండి. డిప్‌స్టిక్ లేని బండైతే, నింపే బోల్టు ఊడి వస్తుందో లేదో చూసుకున్నాకే కిందది ముట్టుకోండి.

కొలత చూడటంలోనూ ఇంటికో ఆచారం. టొయోటాలో బండి బాగా తిప్పి వేడెక్కాక, సమంగా ఉన్న నేల మీద బ్రేకు తొక్కి గేర్లన్నీ ఒకసారి వేసి, మళ్లీ పార్కులో పెట్టి, ఇంజన్ నడుస్తుండగా "హాట్" గీతల మధ్య చూడాలి. హోండాలో వేడెక్కాక ఇంజన్ ఆపేసి, నిమిషం, నిమిషంన్నర లోపల చూడాలి. మా రూమ్మేటు అకార్డ్‌ను నా క్యామ్రీ పద్ధతిలో చూసి, తక్కువుందనుకుని ఒక సీసా ఎక్కువ పోసేశాం. మళ్లీ కింద దూరాల్సొచ్చింది. ఎక్కువైనా చెరుపే, నురగ కడుతుంది.

జారుడు ఆపుతుందని అమ్మే చిన్న సీసాల మందులు వద్దు. సరైన ఆయిల్‌లో ఉండాల్సిన మందు ఉండనే ఉంది.

దించిన పాత ఆయిల్‌ను ఖాళీ సీసాల్లో పోసి ఆటోజోన్, ఓ'రైలీ లాంటి పార్ట్స్ షాపుకు తీసుకెళ్తే డబ్బులేం అడక్కుండా తీసుకుంటారు. వంటింటి సింకులో, చెత్తబుట్టలో పోయకండి. ఆఖరి పనిగా, మాస్కింగ్ టేపు ముక్క మీద తారీఖు, మైళ్లు, పోసిన ఆయిల్ పూర్తి పేరు రాసి బానెట్ లోపల అంటించండి. నా దానికి ఇప్పుడు అలాంటివి అయిదు ఉన్నాయి. అన్నిటికంటే పైన, నేను రాయనిది ఒకటుంది, పాత రసీదులోంచి కత్తిరించి అంటించిన "యూనివర్సల్ ఏటీఎఫ్" ముక్క.